పాయింట్ థర్టీ దారం



పోయిన వారం స్కాలర్‌షిప్ బకాయిల మీద రాశాను. ఈ వారం గాలపు దారం మీద రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, కాకపోతే మొత్తం చదివి నవ్వండి.

నెల రోజుల్లో నలుగురు పిల్లలు నన్ను ఇదే అడిగారు. ఇద్దరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్ళు. ఒకడు ఇక్కడే ఆటోనగర్‌లో కమాను కట్టల షెడ్డులో హెల్పరు. నాలుగోవాడు మా అక్క కొడుకు, లేత్ షెడ్డులో పని నేర్చుకుంటూ సాయంత్రం కాలేజీ పుస్తకాలు ముందేసుకునేవాడు. నలుగురూ రాడ్డూ రీలూ కలిపి సెట్టు తెప్పించుకున్నారు. ఒడ్డున నిలబడి దూరంగా విసిరే స్పిన్నింగ్ రీలు అది. సెట్టుతో పాటు వచ్చిన దారం రెండో విసురుకే చిక్కుపడి పిచ్చుక గూడైంది. ఇప్పుడు ఏ దారం ఎక్కించాలి? వీడియోల్లో ఒకడు అల్లిక దారం అంటాడు, ఇంకొకడు ఫ్లోరోకార్బన్ అంటాడు, షాపువాడు అన్నిటికంటే ఖరీదైనది చేతిలో పెడతాడు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మామూలు నైలాన్ దారం, ఒకే పోగుది. మందం 0.30 మిల్లీమీటర్లు. మనవాళ్ళ మాటలో పాయింట్ థర్టీ. ఒక చుట్ట, నూట యాభై మీటర్లు. రంగు నీళ్ళలాగా ఉన్నా సరే, లేత పచ్చదైనా సరే. మొదటి ఏడాది ఇంతకు మించి ఏదీ కొనొద్దు.

ఎందుకో చెప్పాలంటే రీలు ఎలా పనిచేస్తుందో చూడాలి. స్పిన్నింగ్ రీలులో దారం చుట్టిన స్పూలు విసిరేటప్పుడు తిరగదు, కదలకుండా ఉంటుంది. దాని పెదవి మీదుగా దారం చుట్టలు చుట్టలుగా జారి ముందుకి పోతుంది. మళ్ళీ హ్యాండిల్ తిప్పితే పైనున్న తీగ వంకీ దారాన్ని పట్టుకుని స్పూలు చుట్టూ తిప్పి చుడుతుంది. అంటే దారం చుట్టగా వెళ్ళి చుట్టగా వస్తుంది. దారం వదులుగా చుట్టుకున్నా, మెలి పడినా, స్పూలు నిండా పొంగిపొర్లినా, విసిరినప్పుడు నాలుగైదు చుట్టలు ఒక్కసారే ఎగిరి ముద్ద కడతాయి. కొత్తవాడి బాధలు తొంభై శాతం ఇక్కడే. చేప దాకా పోనే పోవు.

ఇక అల్లిక దారం. పాలిథిలీన్ పోగులు నాలుగో ఎనిమిదో కలిపి జడలాగా అల్లింది. నిజం చెప్పాలంటే గొప్ప వస్తువు. అదే బలానికి నైలాన్‌లో సగం మందం కూడా ఉండదు, కాబట్టి దూరం వెళుతుంది. సాగదు, కాబట్టి చేప మూతి ఆనించినా వేలికి తెలుస్తుంది. వీడియోల్లో వాళ్ళు అదే వాడతారు, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే వాళ్ళు ఇరవై ఏళ్ళుగా విసురుతున్నవాళ్ళు. మా మేనల్లుడు నా మాట వినకుండా అదే కొన్నాడు. నేరుగా స్పూలుకి కట్టేశాడు. అల్లిక దారం నున్నటి స్పూలుని పట్టుకోదు, కింద నాలుగు చుట్లు నైలాన్ లేకపోతే మొత్తం గుండ్రంగా జారిపోతుంది. వాడు డ్రాగ్ పాడైందనుకుని రీలు విప్పేశాడు. మళ్ళీ బిగించాక, గాలికి పడిన ముడి విప్పలేక కత్తిరించాడు. మూడో రోజు కాలువలో గాలం రాయికి తగులుకుంటే దారాన్ని చేతికి చుట్టుకుని లాగాడు. సన్నటి దారం చూపుడు వేలిని ఎముక కనపడేదాకా కోసింది. లేత్ మీద పనిచేసేవాడికి వేలు అంటే రోజు కూలి. వారం రోజులు షెడ్డుకి పోలేదు.

వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఆటోనగర్ కంటే మంచి బడి దొరకదు. "ఒరే, లారీకి కమాను కట్టలు ఎందుకేస్తారు?" అన్నాను. "బరువు మోయడానికి మావయ్యా." "బరువు మోయడానికైతే ఇనప దిమ్మ పెట్టొచ్చుగా?" వాడు నవ్వాడు. దిమ్మ మోస్తుంది, కానీ గుంటలో పడ్డ మొదటి దెబ్బకి ఛాసిస్ పగులుతుంది. కట్ట వంగుతుంది. వంగి దెబ్బని మింగుతుంది. నైలాన్ దారం సాగడం కూడా అంతే. చేప ఒక్కసారి తల విదిలిస్తే ఆ దెబ్బని దారం తను సాగి మింగుతుంది. చేయి తిరిగినవాడైతే ఆ దెబ్బని రాడ్డు వంపుతో, డ్రాగ్‌తో, మణికట్టుతో మింగిస్తాడు. చేయి తిరగనివాడి తరఫున ఆ పని దారం చేయాలి. కొత్తవాడి దారం కొత్తతనాన్ని భరించాలి. సాగని దారం భరించదు, ముడి దగ్గర తెగుతుంది, లేకపోతే గాలం చేప మూతిని చీల్చుకుని వచ్చేస్తుంది.

ఫ్లోరోకార్బన్ గురించి ఎక్కువ చెప్పను. నీళ్ళలో మునుగుతుంది, వెలుగుని దాదాపు నీళ్ళలాగే వంచుతుంది కాబట్టి చేపకి తక్కువ కనిపిస్తుంది. గట్టిగా, బిరుసుగా ఉంటుంది. స్పూలు మీద స్ప్రింగులా నిలబడుతుంది. మన కాలువ నీళ్ళు టీ రంగులో ఉంటాయి, అందులో కనపడని దారానికి డబ్బులు తగలేయడం ఎందుకు?

నైలాన్‌కి కూడా జబ్బులున్నాయి. స్పూలు మీద నెలల తరబడి ఉంటే ఆ చుట్ట ఆకారం గుర్తుపెట్టుకుంటుంది, విప్పినా జిలేబీలాగా వస్తుంది. నీళ్ళు పీలుస్తుంది, తడిస్తే కాస్త బలం తగ్గుతుంది. ఎండ దానికి అసలు పడదు. మన బెజవాడ మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద వేలాడదీసిన రాడ్డు మీద దారాన్ని జూన్‌లో నమ్మొద్దు. ఏడాదికోసారి మార్చేయండి. నూటయాభై రూపాయల లోపు దారం కాబట్టి మార్చగలుగుతారు. అల్లిక దారమైతే మార్చడానికి చేతులు రావు, పాతదాన్నే ఏళ్ళ తరబడి అంటిపెట్టుకుని ఉంటారు.

చుట్టే పద్ధతి దారం ఎంపిక కంటే ముఖ్యమని నా అభిప్రాయం. క్రేను డ్రమ్ము మీద వైరు రోపు ఎక్కించేటప్పుడు చూశారా? రెండో మనిషి రోపుని బిగబట్టి వదులుతాడు. వదులుగా చుడితే పై చుట్టు కింది చుట్టులోకి దిగబడి ఇరుక్కుంటుంది. రీలు కూడా బుల్లి డ్రమ్మే. దారాన్ని తడిగుడ్డ మధ్య పట్టుకుని బిగువు మీద చుట్టండి. ఒక ముప్పై చుట్లు తిప్పాక ఆగి దారాన్ని వదులు చేసి చూడండి. మెలికలు తిరిగితే, కొన్న చుట్టని నేల మీద తిరగేసి పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. స్పూలు పెదవికి రెండు మిల్లీమీటర్లు కింద ఆపేయండి. ఆశపడి నిండా చుడితే పిచ్చుక గూడే.

స్పూలు మీద అంకెలు చెక్కి ఉంటాయి, 0.30/150 అనో ఏదో. అంటే 0.30 దారం అయితే 150 మీటర్లు పడుతుందని. ఇక్కడ ఒక మోసం ఉంది. మా మేనల్లుడు వేలి కట్టు విప్పాక నైలాన్ చుట్ట కొనుక్కొచ్చాడు. అట్ట మీద 0.30, ఎనిమిది కిలోలు అని ఉంది. ఎక్కిస్తే స్పూలు వంద మీటర్లకే నిండిపోయింది. "మిగతాది ఏం చేయాలి మావయ్యా" అని వచ్చాడు. నేను వాడిని వాడి షెడ్డుకే తీసుకెళ్ళాను. రోజూ బేరింగు సీట్లు కొలిచే మైక్రోమీటర్ వాడి బల్ల మీదే ఉంది కదా! మెత్తటి వస్తువు కాబట్టి నొక్కకుండా, చివర రాచెట్ మెల్లగా తిప్పుతూ ఐదు చోట్ల కొలిచాడు. 0.36 చూపించింది. షెడ్డు మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని తను కూడా కొలిచాడు. అంతే వచ్చింది.

అరవై మైక్రాన్లు ఎంతలే అనుకోకండి. దారం బలం మందంతో పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. లెక్కేయండి. 0.36 వర్గాన్ని 0.30 వర్గంతో భాగిస్తే 1.44. అంటే నలభై నాలుగు శాతం ఎక్కువ సరుకు. లావు దారానికి సన్న దారం పేరు పెట్టి, "సన్నగా ఉన్నా చూడండి ఎంత బలమో" అని అమ్మడం. స్పూలులో 150 మీటర్లకు బదులు 104 మీటర్లు పట్టడం కూడా ఆ లెక్కే. తర్వాత స్ప్రింగు కాటాకి కట్టి లాగాం. మామూలు ముడితో, తడిపి లాగితే, ఎనిమిది కిలోల దారం ఐదున్నర దగ్గర తెగింది. ముడి దగ్గరే. ముడి ఎప్పుడూ కొంత బలం తింటుంది. ఎండు ముడి బిగిస్తే రాపిడి వేడికి ఇంకా ఎక్కువ తింటుంది, అందుకే ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించాలి. మా నాన్న అలాగే బిగించేవాడు.

కాబట్టి కొత్తవాళ్ళు అట్ట మీద కిలోలు చూడకండి. మీ దగ్గర కొలిచే సాధనాలున్నాయి. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఉన్న మైక్రోమీటరే మన పిల్లల చేతుల్లో రోజుకు పది గంటలు తిరుగుతుంది. దాన్ని సొంత పనికి వాడుకోవచ్చన్న ఆలోచన రావడమే అలవాటు లేదు మనకి.

ముడి తెగిన బరువులో పావు వంతుకి డ్రాగ్ పెట్టండి. కాటా లేకపోతే లీటరు నీళ్ళ సీసా నింపి దారానికి కట్టండి. లీటరు నీళ్ళు కిలో. మెల్లగా ఎత్తితే సీసా లేవాలి, జాడిస్తే రీలు జారాలి. పాయింట్ థర్టీకి అది సరిపోతుంది.

మా నాన్న అన్నాను కదా. ఆయన దగ్గర రీలు లేదు. వెదురు కర్ర, జీలుగు బెండు, సీసం ముక్క, ఎర్ర. దారం మాత్రం నైలానే. అమెరికాలో డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం 1935లో తయారుచేసింది, 1938లో లోకానికి ప్రకటించారు. అంతకుముందు గాలపు దారాలు నూలువి, నారవి, డబ్బున్నవాళ్ళవి పట్టువి. వాడాక ఆరబెట్టకపోతే కుళ్ళేవి. నైలాన్ కుళ్ళదు. మా నాన్నకి కొనే పని కూడా ఉండేది కాదు, తీరం నుంచి చేపలు తెచ్చే వాళ్ళ దగ్గర చిరిగిన వల తెచ్చుకుని పోగులు విప్పి, ముడులేసి, ఒక పొడుగు దారం చేసేవాడు. ముడుల మధ్య ముడులు. అందుకే ఆయనకు ముడుల సంగతి అంత తెలుసు.

ఊళ్ళో పెద్ద చెరువుంది. అందులో బొచ్చలు, శీలావతులు పెంచేవాళ్ళు. చెరువు పాట పెడతారు, పాట పాడే డబ్బు ఎవరికి ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. పాటదారు మనిషి గట్టు మీద టార్చి పట్టుకుని తిరిగేవాడు. చెరువులో చేపలు పెంపకపు చేపలు, అవి వాళ్ళ సొమ్మే, దాన్ని నేను కాదనను. కాలువ ఎవరి సొమ్ము? 1855కి బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు, 1957కి దాని చోట ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆ నీళ్ళలో చేపని ఎవరూ పెంచలేదు. అయినా మా నాన్న కాలువ రేవు దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు ఆగి, "ఏ పల్లెరా మీది?" అనేవాళ్ళు. పేరు అడగరు, పల్లె అడుగుతారు. పల్లె చెబితే కులం చెప్పినట్టే. చెప్పాక, "ఇక్కడ మేం నీళ్ళు తోడుకుంటాం, కిందకి పో." కిందకి అంటే మురుగు డ్రెయినుకి. డెల్టాలో పొలానికి నీళ్ళు తెచ్చేది కాలువ, పొలం నుంచి మిగిలిన నీళ్ళు తీసుకుపోయేది డ్రెయిను. మా నాన్న గాలం డ్రెయినులో వేసేవాడు. కొర్రమీను, జెల్ల, అప్పుడప్పుడు వాలుగ. బురద చేపలు, గట్టి చేపలు. వాసన పోవడానికి అమ్మ ఉప్పూ పసుపూ వేసి బండ మీద రుద్దేది.

1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఎనిమిది మందిని చంపి, కొన్ని శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయినులో, కాలువలో పడేశారు. చుండూరు కృష్ణకి అవతల, గుంటూరు వైపు డెల్టా. మాది ఇవతల. నీళ్ళు వేరు, డ్రెయిను వేరు. అయినా ఆ ఏడాది మా నాన్న గాలం చూరులో నుంచి తీయలేదు. నేను చిన్నవాణ్ణి, చేపల కూర ఎందుకు లేదని అడిగాను. "ఈ ఏడు వద్దులేరా" అన్నాడు, అంతే. దానికి ఆరేళ్ళ ముందు, 1985 జులై 17న కారంచేడు. అది కూడా మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర అడ్డు చెప్పినందుకు మొదలైందే. మన ప్రాంతంలో నీటి గట్టు మీద కూర్చోవడం అందరికీ ఒకేలా ఉండదు. మా అక్క కొడుకు అదేమీ తెలియకుండా రాడ్డు భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ కాలువ గట్టుకి పోతాడు. వాడికి చెప్పాలా వద్దా అని నాకు చాలాసార్లు అనిపించింది. చెప్పాను. దారం చుడుతూ చెప్పాను. చుట్టడం ఆపకుండా విన్నాడు.

ఇక ఒక మిత్రుడి మాట. మంచి కార్యకర్త, నాకంటే చిన్నవాడు. "పిల్లలు మీటింగులకు రాకుండా చేపలు పడుతుంటే నువ్వు దారాలు కొనిపెడుతున్నావేంటన్నా?" అన్నాడు. కోపంతో కాదు, బాధగానే. నాకు మాత్రం కోపం వచ్చింది. ఆటోనగర్‌లో షెడ్డు ఉదయం తొమ్మిదికి తీస్తే రాత్రి ఎనిమిదికి కూడా వెల్డింగు మెరుపులు ఆగవు. రేపు పొద్దున లోడుకి పోవాల్సిన లారీ ఉంటే తెల్లారేదాకా. హెల్పరు కుర్రాడికి పని గంటలని ఒక మాట ఉందని కూడా తెలియదు. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో, ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి దించే సవరణ 1946లో చట్టమైంది. మనం దాన్ని ఉపన్యాసాల్లో చెబుతాం, చప్పట్లు కొడతారు. ఆ మిగిలిన ఆరు గంటలు దేనికి? ఇంకో మీటింగుకేనా? పెద్దయ్యాక వయొలిన్ నేర్చుకున్న మనిషి ఆయన. మనిషికి తన కోసం తాను కూర్చునే గంట ఉండాలని ఆయనకి తెలియదంటారా?

ఇంకో సంగతి చూడండి. పెద్దింటి పిల్లాడు రాడ్డు పట్టుకుంటే యాంగ్లింగ్, స్పోర్టు. జీపు వెనక ఫొటో. మన పిల్లాడు పట్టుకుంటే పనిలేక గాలం వేసుకుని కూర్చున్నాడంటారు. లేకపోతే, కూరకి లేక పడుతున్నాడంటారు. ఆకలికి పట్టినప్పుడు నీచు అన్నారు, సరదాకి పడితే సోమరి అంటున్నారు. ఈ రెండు మాటల మధ్య మన పిల్లలకు నిలబడే చోటు కావాలి. ఆ చోటు కాలువ గట్టు మీదైనా నాకు అభ్యంతరం లేదు. ఆ మిత్రుడికి కూడా ఇదే చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. పర్లేదు.

సరే, సముద్రానికి పోయేవాళ్ళు ఉన్నారు. ఇక్కడి నుంచి బందరు డెబ్భై కిలోమీటర్ల లోపే, అక్కడి నుంచి మంగినపూడి తీరం దగ్గరే. అక్కడ నల్లమట్టి, లోతు తక్కువ. నడుము లోతు కోసమే చాలా దూరం నడవాలి. దూరం విసరాలి కాబట్టి సన్న దారం అనిపిస్తుంది. కానీ అలల్లో సీసం బరువు ఎక్కువ కడతారు, ఆ బరువుని గట్టిగా విసిరితే సన్న దారం విసురులోనే తెగి సీసం గుండులా ఎగురుతుంది. వెనక ఎవరున్నారో చూసుకోండి. అక్కడ పాయింట్ థర్టీ ఫైవ్ వేయండి. లేదా మీ పాయింట్ థర్టీనే ఉంచి, చివర రాడ్డుకి రెండింతల పొడుగు 0.50 దారం ముక్క కట్టండి. విసురు దెబ్బ ఆ లావు ముక్క తీసుకుంటుంది. పాయల్లో పండుగప్పకి చెంపల దగ్గర కత్తిలాంటి అంచు ఉంటుంది, సన్న దారం దానికి ఆనితే చాలు. ఇంటికొచ్చాక రీలు మీద మంచినీళ్ళు చల్లి తుడవండి, ఉప్పు దారాన్ని కాదు, రీలు బేరింగుల్ని తింటుంది.

వలలు కనపడిన చోట గాలం వేయకండి. తీరంలో ఆ వలల మీద ఇళ్ళు నడుస్తాయి, అగ్నికుల క్షత్రియులు, పట్టపువాళ్ళు, లోపలి కాలువల మీద యానాదులు. మీ సరదా దారం వాళ్ళ వలకి చుట్టుకుంటే విప్పడానికి వాళ్ళకి పూట పడుతుంది. ఎక్కడ వేసుకోమంటారన్నా అని అడగండి. అడిగితే మంచి చోటు వాళ్ళే చూపిస్తారు, ఏ ఎర పెట్టాలో కూడా చెబుతారు. కొల్లేటిలో 1970లలో చేపల చెరువుల కోసం సొసైటీలు పెట్టినప్పుడు మనవాళ్ళవీ వాళ్ళవీ పక్కపక్కనే పెట్టారు, తర్వాత చాలా చెరువులు లీజుల పేరుతో డబ్బున్నవాళ్ళ చేతుల్లోకి పోయాయి. దాని మీద విడిగా రాస్తాను.

తెగిన దారం గట్టు మీద పారేయకండి. ఇది బతిమాలి చెబుతున్నాను. నైలాన్ కుళ్ళదని పైన రాశాను కదా, మెచ్చుకుంటూ రాశాను. కుళ్ళదు కాబట్టే కొంగ కాలికి చుట్టుకుని అలాగే ఉంటుంది. గాలిపటాల నైలాన్ మాంజాని 2017లో హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, మెడలు తెగుతున్నాయని. గాలపు దారం కూడా అలాంటి సరుకే. కాలువ కట్టేసిన నెలల్లో గుర్రపుడెక్కా ప్లాస్టిక్కూ తీయడానికి దిగేది ఎవరు? మన పేటల వాళ్ళే, చాలామంది చేతులకి తొడుగు లేకుండా. చిక్కుపడిన దారం, దాని చివర తుప్పు గాలం. జానెడు ముక్కలుగా కత్తిరించి జేబులో వేసుకుని రండి.

మొన్న ఆదివారం షెడ్డు ఒంటిపూటే. యనమలకుదురు దాటాక కాలువ గట్టు మీద ఒక రావిచెట్టు నీడ ఉంది, అక్కడికి వెళ్ళాం. మా మేనల్లుడు, నేను, వాడు ఎలా విసురుతాడో చూస్తానని మా అక్క. వాడు నాలుగుసార్లు విసిరాడు. ఒక్కసారి కూడా చిక్కు పడలేదు, దారం సన్నగా ఈల వేస్తూ పోయింది. ఐదోసారికి బెత్తెడు జెల్ల ఒకటి వచ్చింది. గాలం తీయబోతుంటే అక్క "ఆగరా, ముల్లు గుచ్చుతాది" అని, రెక్కల ముళ్ళ వెనక్కి రెండు వేళ్ళు పెట్టి ఒడుపుగా పట్టి గాలం విప్పి నీళ్ళలో వదిలేసింది. కాలువ కట్టేసిన ఎండాకాలాల్లో గుంటల్లో ఉత్త చేతులతో చేపలు పట్టిన మనిషి ఆవిడ. నాకంటే ఎక్కువ పట్టేది. పదమూడేళ్ళకి కూలికి పంపాక మళ్ళీ నీళ్ళలో దిగలేదు.

చేతులు కడుక్కుని, చీర కుచ్చెళ్ళు దోపుకుని, "ఇటివ్వు" అంది. వాడు వంకీ తెరిచి, దారాన్ని చూపుడు వేలితో ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో చెప్పాడు. మొదటిసారి కాళ్ళ ముందే పడింది. రెండోసారి వాడు విసిరిన చోటు దాటి అవతలి గట్టు గడ్డిలో పడింది. వాడు నోరు తెరిచి చూశాడు.

"దారం బాగుంది. ఎంత?" అంది.

"నూట నలభై."

"ఈ రీలో?"

రీలు సంగతి వాడు చెప్పలేదు, అవతల గడ్డిలో చిక్కుకున్న గాలం చూస్తూ నిలబడ్డాడు. నన్ను కూడా చెప్పొద్దని సైగ చేశాడు. అక్క ఇవి చదివించుకుంటుంది కాబట్టి ఇక్కడ కూడా రాయలేదు.